ఆర్డిత్ ఒంటిచేత్తో తోసిన గది

ఆర్డిత్ కోవాల్కీ పన్నెండడుగుల గదిని ఒంటిచేత్తో తోసి ట్రైలర్లో పెట్టేసింది. ఖాళీ గది కాదు. అందులో సోఫా ఉంది, భోజనాల బల్ల ఉంది, సోఫా మీద గురకపెట్టి నిద్రపోతున్న కుక్క ఉంది. ఆవిడ రెండో చేతిలో నిండా కాఫీ ఉన్న కప్పు ఉంది. చుక్క తొణకలేదు. కుక్క లేవలేదు.

నమ్మకం కుదరనివాళ్లు చలికాలంలో క్వార్ట్‌జ్‌సైట్ ఎడారికి వచ్చి, మా వరసలో ట్రైలర్లు, అంటే బండి వెనక లాక్కొచ్చే చక్రాల ఇళ్లు, నిలిపినవాళ్లలో ఎవరినైనా అడగొచ్చు. నన్నే అడిగితే ఇంకా మంచిది, మిగతావాళ్లకి చెప్పడం చేతకాదు. నా పేరు వెండల్. ఇక్కడి ట్రైలర్ల మురుగు తొట్లు ఖాళీ చేసే లారీ నాది. కాలేజీలో రెండో ఏడాదికల్లా మేష్టర్ల దగ్గర సరుకు అయిపోయిందని తేల్చుకుని బయటికొచ్చేసినవాణ్ణి. అప్పటినుంచీ మనుషులను లోపలినుంచి చదువుతున్నాను. ఎవరింట్లో ఏం తిన్నారో, ఎవరు తినలేదని అబద్ధమాడారో నాకు తెలిసినంతగా డాక్టర్లకు కూడా తెలియదు.

ఆర్డిత్‌కి డెబ్బై రెండేళ్లు. ఎత్తు ఐదడుగులు, అదీ జుట్టుతో కలిపి. ఆ జుట్టు కూడా ఆవిడే అద్దం చూడకుండా కత్తిరించుకుంటుంది, చూస్తే తెలిసిపోతుంది. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది. మొగుడు పోయాక, ఇండియానాలో ట్రైలర్లు తయారుచేసే ఎల్క్‌హార్ట్ ఊరినుంచి తొమ్మిది చలికాలాలుగా ఒంటరిగా వస్తోంది. అక్కడి ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పనిచేసింది. మాటలు మహా పొదుపు. ఎలా ఉన్నావని అడిగితే "ఉన్నాను" అంటుంది. పొద్దున్నే గాజు జాడీలో నీళ్లు పోసి, టీ పొట్లాలు వేసి, మూతపెట్టి ఎండలో ఉంచుతుంది. మధ్యాహ్నానికి ఎడారి సూర్యుడు ఆవిడకి టీ కాచిపెడతాడు. సూర్యుణ్ణి వంటవాడిగా పెట్టుకున్న మనిషికి గదిని తోయడం ఒక లెక్కా?

ఎల్క్‌హార్ట్ ఫ్యాక్టరీలో సగం దేశానికి స్లైడ్లు బిగించింది ఆవిడేనని మా వరసలో అందరికీ తెలుసు. నేనే చెప్పాను.

స్లైడంటే, అగ్గిపెట్టెలోంచి అర బయటికొచ్చినట్టు, ట్రైలర్లోంచి బయటికి జరిగే గది. ఒకచోట నిలిపి మీట నొక్కితే గోడా కిటికీతో సహా బయటికొస్తుంది, ఇల్లు ఒక్కసారిగా విశాలమైపోతుంది. బయల్దేరేముందు మళ్లీ నొక్కి లోపలికి లాక్కోవాలి. పొడుచుకొచ్చిన గదితో రోడ్డెక్కితే మొదటి కరెంటు స్తంభం దగ్గరే ఇల్లు రెండిళ్లవుతుంది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున బర్డెట్ హాగెన్ స్లైడు లోపలికి పోనంది.

బర్డెట్‌ది మిన్నెసోటా. డెబ్బై ఏడేళ్ల పెద్దమనిషి. నలభై ఏళ్లు చెక్క ఇళ్లు కట్టి, మూడేళ్ల క్రితం ఇల్లు అమ్మేసి, భార్య లవోన్‌తో, డీకన్ అనే పొట్టికాళ్ల కుక్కతో ట్రైలర్లోకి మారాడు. జనవరిలో లవోన్ ఆ ట్రైలర్లోనే తట్టుకుని పడి తుంటి విరగ్గొట్టుకుంది. యూమాలో ఆపరేషన్ చేశారు, మాకు ఎనభై మైళ్లు. ఆ మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఆవిణ్ణి పంపించేస్తామన్నారు. ఆసుపత్రి పక్కనే ట్రైలరు నిలుపుకోడానికి చోటు కూడా కుదిరింది. కానీ ఆవిడ బయటికొచ్చే వేళకి ఇల్లు అక్కడ సిద్ధంగా లేకపోతే, మూడు వారాలు వృద్ధుల సంరక్షణ కేంద్రానికి పంపుతామని ఆసుపత్రివాళ్లు ముందే చెప్పారు. లవోన్ వాళ్లమ్మ కూడా అలాంటి చోటికి మూడు వారాలకనే వెళ్లింది. తిరిగి రాలేదు. అందుకే ముందురోజు ఫోన్లో లవోన్ బర్డెట్‌తో ఒకే మాట అంది: "నాలుగింటికి నా సోఫా ఇక్కడుండాలి."

సోఫా ఉన్నది ఆ స్లైడులోనే.

ఎనిమిదిన్నరకి బర్డెట్ మీట నొక్కాడు. మోటారు మూలిగింది, గది ఒక్క అంగుళం కదిలి ఆగిపోయింది. ఎనిమిది ముప్పై అయిదుకల్లా వరసంతా మడతకుర్చీలతో సహా వచ్చేసింది. మా దగ్గర ఒకడి స్లైడు ఇరుక్కుందంటే మిగతావాళ్లకి పండగే. అందరికంటే ముందు వచ్చినవాడు మెర్విన్ ప్రట్. జీవితమంతా ఏసీలు బాగుచేసి రిటైరయ్యాడు, పనిముట్లకోసం ప్రత్యేకంగా ఒక బండి లాక్కొస్తాడు.

"బ్యాటరీ," అన్నాడు మెర్విన్, ఇంకా చూడకుండానే.

"నిన్ననే ఛార్జి చేశాను," అన్నాడు బర్డెట్.

"అయితే ఫ్యూజు."

"ఫ్యూజు పోతే మోటారెందుకు మూలుగుతుంది?"

"మూలగడం వేరు, తిరగడం వేరు. మా ఆవిడా మూలుగుతుంది, లేచి తిరుగుతుందా? మళ్లీ నొక్కు."

"నేను వింటూనే ఉన్నా మెర్విన్!" అంది కుర్చీల్లోంచి వాళ్లావిడ.

బర్డెట్ మళ్లీ నొక్కాడు. మళ్లీ మూలుగు. కుర్చీల్లోంచి తలా ఒక సలహా వచ్చింది. నూనె వెయ్యమని ఒకరు, చక్రాల కింద చెక్క పెట్టమని ఒకరు, తిట్టి చూడమని నేను. అయిదోసారి నొక్కితే కిందనుంచి ఠప్పుమంది. ఆ తర్వాత మోటారు హాయిగా, ఏమీ వెయ్యని మిక్సీలా గిర్రున తిరిగింది. గది మాత్రం కదల్లేదు.

మెర్విన్ ట్రైలర్ కిందికి దూరి, టార్చి వేసి, పురిటి గది తలుపు తీసిన డాక్టరు మొహంతో బయటికొచ్చాడు.

"మోటారుకీ గేరుకీ మధ్య పిన్ను తెగింది. పిన్ను తెగిందంటే గేరు పోయుంటుంది. గేరు పోయిందంటే మోటారు—"

"మోటారు పోయిందంటే ట్రైలరు, ట్రైలరు పోయిందంటే దేశం," అన్నాను.

"నువ్వు పోయి నీ గొట్టం చూసుకో వెండల్. గేరు ఇండియానానుంచి రావాలి. పది రోజులు."

బర్డెట్ ఊళ్లో ఉన్న ఇద్దరు మెకానిక్కులకీ ఫోన్ చేశాడు. ఇద్దరూ వచ్చే గురువారమే అన్నారు. అతను ఫోన్ జేబులో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. టోపీ తీసి, లోపల ఏదో రాసుందేమోనన్నట్టు చూసుకున్నాడు.  

ట్రైలరుతో నెమ్మదిగా వెళ్లి, అక్కడ నిలిపి సర్దుకోవాలి కాబట్టి, మధ్యాహ్నం పన్నెండుకి కదలకపోతే నాలుగింటికి అందుకోలేడు. అప్పుడు తొమ్మిదిన్నర.

"లెయ్యి," అన్నాను. "ఆర్డిత్‌ని తీసుకొస్తా. ఈ దేశంలో స్లైడన్నది ఆవిణ్ణి చూస్తే దానంతటదే ముడుచుకుంటుంది."

ఆర్డిత్ తన ట్రైలర్ ముందు నిన్నటి టీ కప్పులో పోసుకుంటోంది.

"బర్డెట్ స్లైడు ఇరుక్కుంది. రావమ్మా."

"నేను మెకానిక్‌ని కాదు."

"ఇరవై ఆరేళ్లు ఫ్యాక్టరీలో చెయ్యలేదూ?"

"చేశాను."

"మరింకేం?"

"ఇంకేమంటే, నేను అక్కడ—"

"నాలుగింటికి ఇల్లు అక్కడ లేకపోతే లవోన్‌ని ముసలాళ్ల దగ్గర పడేస్తారంట. మూడు వారాలు."

 ఆర్డిత్ కప్పు పట్టుకుని నాకంటే ముందు నడిచింది.

అందరూ ట్రైలర్ కింద ఏముందో ఆవిడకి చూపించబోయారు. ఆవిడ కిందికి వంగనే లేదు. మెట్లెక్కి, గడప దగ్గర బూట్లు విప్పింది.

"బూట్లెందుకమ్మా, ఈత కొడతావా?" అన్నాడు మెర్విన్.

"కొత్త ట్రైలర్లో బూట్లతో అడుగుపెడితే మా సూపర్‌వైజరు ఇంటికి పంపేసేవాడు."

"ఇది కొత్తది కాదుగా!"

"అలవాటు కొత్తది కాదు."

బూడిదరంగు మేజోళ్లతో లోపలికెళ్లింది. బర్డెట్ వెనకాల వెళ్లాడు. నన్నెవరూ పిలవలేదు కాబట్టి నేనూ వెళ్లాను. ఆవిడ మీట ముట్టుకోలేదు. మోటారు సంగతి అడగలేదు. వంటగట్టు దగ్గర్నుంచి సోఫా వైపు మెల్లిగా నడిచింది. ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ నడిచింది. ఒక కాలి బొటనవేలితో తివాచీ మీద అటూ ఇటూ గీసింది. సోఫా మీద డీకన్ తల ఎత్తి చూశాడు.

"బర్డెట్, ఇక్కడ నేల పైకి లేస్తోందేం?"

"లేవడం కాదది. లవోన్ పట్టుకుని నడిచే వాకర్ తట్టుకోకుండా నేనే—"

 కొంచెంసేపు అతని మొహం చూడలేక నేను కుక్కను చూశాను.

సంగతేమిటంటే, గది బయటికి జరిగి ఉన్నప్పుడు దాని నేల మిగతా నేలకంటే రెండంగుళాలు ఎత్తు. చిన్న గట్టు. జనవరిలో లవోన్ తట్టుకున్నది ఆ గట్టుకే. ఆవిడ ఆసుపత్రిలో ఉన్న వారాల్లో బర్డెట్ ఆ గట్టుకి ఆనించి చెక్కతో ఒక వాలు చేశాడు. చిత్రిక పట్టి, అంచు కాగితమంత పలచన చేసి, నేలకి స్క్రూలతో బిగించి, పైన అదే రంగు తివాచీ పరిచి పిన్నులు కొట్టాడు. ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో కంటికి తెలీదు. అంత బాగా చేశాడు కాబట్టే ఎవరికీ కనపడలేదు. నలభై ఏళ్లు ఇళ్లు కట్టిన చెయ్యి. ఇంట్లో నేలంటే నేలే, గది దాని మీదికి నడిచిరాదు. వాకర్ చక్రాలు ఎలా ఎక్కుతాయో వందసార్లు ఆలోచించినవాడికి, ఆ గది లోపలికి రావాలంటే ఆ వాలు మీదినుంచే రావాలని ఒక్కసారీ తట్టలేదు.

"నేనే ఆపేశాను దాన్ని," అన్నాడు బర్డెట్. "లవోన్‌ని పడేసిన గట్టు పోవాలని చేశాను. ఇప్పుడు నేనే దాన్ని ఇంటికి రాకుండా..."

"ఎన్ని స్క్రూలు?" అంది ఆర్డిత్.

"ఎనిమిది."

"ఎంత పొడుగు?"

"మూడంగుళాలు."

"జిగురు కూడా పూశావా?"

"పూద్దామనుకున్నా. డబ్బా ఎండిపోయుంది."

"దేవుడున్నాడు. బాధపడటం తర్వాత, స్క్రూడ్రైవరెక్కడుంది?"

బయటనుంచి మెర్విన్ అరిచాడు: "ఏమైంది? గేరేనా?"

ఆర్డిత్ కిటికీలోంచి తల బయటికి పెట్టి, "అడ్డం ఉంది, తీస్తున్నాం," అంది. అంతే. ఎవరు పెట్టిన అడ్డమో చెప్పలేదు. మెర్విన్ అడగబోతే కిటికీ వేసేసింది.

తివాచీని చింపేస్తాననుకున్నాను. కాదు. జేబులోంచి కుట్లు విప్పే చిన్న కొక్కెం తీసి, ఒక్కొక్క పిన్నూ పీకి, వరసగా అరచేతిలో పెట్టుకుంది.

"ఇది స్లైడు పనిముట్టా?" అన్నాను.

"పనిముట్టు," అంది.

ఎనిమిది స్క్రూలూ వచ్చేశాయి. కానీ అయిదుసార్లు నొక్కిన పుణ్యమా అని గది వచ్చి వాలు మీద కూర్చుంది, చెక్క ఊడదు. బర్డెట్ సుత్తి తీశాడు.

"పగలగొట్టేస్తా. దరిద్రం వదిలిపోతుంది."

"పగలగొడితే సాయంత్రం లవోన్ దేని మీద నడుస్తుంది?" అంది ఆర్డిత్. "గదిని బయటికి తొయ్యండి. పిన్ను తెగిందిగా, ఇప్పుడు దాన్ని ఎవరూ పట్టుకుని లేరు."

నిజమే. ఆ తెగిన పిన్నే పనికొచ్చింది. నేనూ బర్డెట్టూ లోపలినుంచి భుజాలు ఆనించి తోస్తే గది కిర్రుమని ఒక అంగుళం బయటికి పోయింది. చెక్క ఊడి, దానంతటదే పక్కకి జరిగింది. బర్డెట్ దాన్ని తీసుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు.

ఇక గదిని లోపలికి తోయాలి. కొత్త పిన్ను కోసం వెతికే టైము లేదు, మనుషులే తోయాలి. ఇందులో ఒక చిక్కుంది. ఒక మూల ముందు, ఒక మూల వెనక అయితే గది వంకరగా ఇరుక్కుంటుంది, అప్పుడిక గుర్రాలు కట్టినా రాదు. అందుకే ఆర్డిత్ లోపల నిలబడింది, ఒక చేత్తో గోడ తడుముతూ, రెండో చేతిలో కప్పుతో. బయట ఎనిమిది మందిమి. అందరి వయసులూ కలిపితే అయిదొందల డెబ్బై.

"ఒకటి, రెండు, మూడు అనగానే తొయ్యాలి," అన్నాడు మెర్విన్.

"మూడు అంటున్నప్పుడా, అన్నాకా?" అంది వాళ్లావిడ.

"అన్నాక!"

"అంటే నాలుగు అన్నప్పుడు."

"నాలుగెవరన్నారే?"

"నేను 'ఊఁ' అన్నప్పుడు తొయ్యండి," అంది లోపలినుంచి ఆర్డిత్. "'ఆఁ' అంటే ఆగండి."

ఊఁ. ఆఁ. ఎడమవాళ్లు ఆగండి. కుడివాళ్లు ఇంకో రెండు వేళ్లంత. ఊఁ. ఎవరిదో మోకాలు టప్పుమంది. గేరే విరిగిందని మెర్విన్ బెదిరిపోయాడు. కిటికీలోంచి డీకన్ సోఫా దిగకుండా, ఊరేగింపులో కూర్చున్న జమీందారులా మమ్మల్ని చూస్తూ లోపలికి వెళ్లిపోయాడు. పదిన్నరకి మొదలెట్టాం, పదీ యాభైకి గోడ గోడతో కలిసింది. రబ్బరు అంచు ఉస్సుమంది. వరసంతా చప్పట్లు కొట్టింది. నేను అందరికంటే గట్టిగా కొట్టాను, తోయడం కూడా ముఖ్యంగా నేనే తోశాను.

దారిలో గది మళ్లీ బయటికి జారకుండా అడ్డు కర్రలు కావాలి. బర్డెట్ రంపం తీసి రెండు కోశాడు. మొదటిది కొలిచి కోశాడు, రెండోది కొలవకుండానే కోశాడు. రెండూ ఒక్క వెంట్రుక తేడా లేకుండా అతికాయి. ఆ రంపం చప్పుడుతోనే అతని మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

ఆ సేపట్లో ఆర్డిత్ తన ట్రైలరుకి వెళ్లి తిరిగొచ్చింది. వాలు చెక్క అడుగున వెల్క్రో పట్టీలు అంటించింది. ఇక స్క్రూలు అక్కర్లేదు, నొక్కితే కూర్చుంటుంది, లాగితే వస్తుంది. దాచిన పిన్నులతో తివాచీ మళ్లీ చెక్కకి కొట్టి, దాని చివర ఒక పొడుగాటి ఎర్ర గుడ్డ పట్టీ కుట్టింది. పట్టీ రెండో చివర ఉచ్చులా ఉంది, దాన్ని స్లైడు మీటకి తగిలించమంది. మీట మీద చెయ్యి వెయ్యాలంటే ముందు ఎర్ర గుడ్డ తియ్యాలి. దాని మీద నల్లదారంతో కుట్టి ఉంది: 'ముందు నన్ను.'

బర్డెట్ అది చదివి, "అరగంటలో ఇంత సన్నగా ఎలా కుట్టావు?" అన్నాడు.

"సూదితో," అంది.

పన్నెండుకి పది నిమిషాలుండగా ట్రైలరు కదిలింది. మెర్విన్ తన బండిలో, నేను నా లారీలో వెనకే వెళ్లాం. పెళ్లివారి వెంట నా లారీ ఏమిటని దారిలో రెండు కార్లవాళ్లు ముక్కు మూసుకుని చూశారు. యూమాలో ఇనుప సామాన్ల దుకాణం కనపడగానే మెర్విన్ తెగిన పిన్ను ముక్కలు పట్టుకుని దిగాడు. కచ్చితంగా అదే సైజు కొన్నాడు, దుమ్ములో పడుకుని బిగించాడు. గేరు నిక్షేపంగా ఉంది. ఆ మాట అతను నాకు మాత్రమే, చాలా మెల్లిగా చెప్పాడు. నేను రహస్యంగానే ఉంచాను, పది పన్నెండు మందికి మించి చెప్పలేదు.

మూడూ నలభైకి బర్డెట్ అడ్డు కర్రలు తీసి మీట నొక్కాడు. గది వెన్నలా జారి బయటికొచ్చింది. వాలు నొక్కి కూర్చోబెట్టాడు, ఎర్ర గుడ్డ మీటకి తగిలించాడు.

నాలుగూ ఇరవైకి ఆసుపత్రి వ్యాను వచ్చింది. ట్రైలర్ మెట్ల మీద లవోన్‌ని నేనొక వైపు, మెర్విన్ ఒక వైపు పట్టుకున్నాం. "నెమ్మదిరా వెధవల్లారా, కొత్త తుంటి," అంది. లోపల వాకర్ పట్టుకుని తనే నడిచింది. తను పడిన చోటికి రెండడుగుల ముందు ఆగింది. అక్కడికి చూసింది. వాకర్ని పైకెత్తబోయింది, చక్రాలు వాటంతటవే ఎక్కిపోయాయి. ఆవిడ వెనక్కి తిరిగి నేల వంక చూసింది, మీటకి వేలాడే ఎర్ర గుడ్డ వంక చూసింది, మొగుడి వంక చూసింది. బర్డెట్ టోపీ లోపలికి చూసుకుంటున్నాడు.

సోఫాలో డీకన్ పక్కన కూర్చుని అంది: "ముసలాడా, ఆరోజు టోస్టు తింటావా అని అడుగుతూ పడ్డాను కదా. ఆ టోస్టు ఇప్పుడు నువ్వు చేసి పెట్టు. వెన్న ఎక్కువ."

బర్డెట్ రొట్టె మాడ్చాడు. ఆవిడ మొత్తం తినేసింది.

మార్చి చివర, ఉత్తరాదికి బయల్దేరేముందు ఇద్దరూ మా వరసలోకి ఒకసారి వచ్చారు. లవోన్ వాకర్ వదిలేసి చేతికర్ర పట్టింది. సాయంత్రం నాలుగింటికి ఎప్పటిలాగే కుర్చీలన్నీ గుండ్రంగా వేశాం. ఆ రోజు ఇక్కడ ఏం జరిగిందో ఎవరైనా సరిగ్గా చెప్పండర్రా, బర్డెట్ నోరు విప్పడం లేదు, అంది లవోన్. సరిగ్గా చెప్పగలవాణ్ణి నేనే కదా, లేచి నిలబడి మొదలుపెట్టాను. ఎల్క్‌హార్ట్‌లో సగం దేశానికి స్లైడ్లు బిగించిన చేతులు, ఒంటిచెయ్యి, కాఫీ కప్పు, నిద్రపోతున్న కుక్క, అన్నీ చెప్పాను. బర్డెట్ వాలు సంగతి మాత్రం చెప్పకుండా 'అడ్డం' అని దాటేశాను. నాకూ ఒక మర్యాద ఉంది. బర్డెట్ తల దించుకునే నవ్వాడు. లవోన్ కళ్లు తుడుచుకుని ఆర్డిత్ వైపు తిరిగింది.

"నిజమేనా ఆర్డిత్?"

ఆర్డిత్ కుడుతున్న దారం పంటితో తెంపి, అంది:

"కుక్క మేలుకునే ఉంది. కప్పులో టీ. తోసింది ఎనిమిది మంది. ఫ్యాక్టరీలో నేను కర్టెన్లు కుట్టేదాన్ని."